అంతర్జాలపు అలవాట్లు – స్త్రీల లైంగికారోగ్యము: పరిశోధనలు, అపోహలు

“చేతిలోని ఫోను స్త్రీల ఆరోగ్యమును చెరచుచున్నది” అను మాట ఇటీవల సభలలోను, తల్లిదండ్రుల సమావేశములలోను, పత్రికల ఆరోగ్యపు పుటలలోను తరచుగా వినబడుచున్నది. ఈ మాటకు బలముగా “పరిశోధనలలో తేలినది” అను వాక్యమొకటి చేర్చుట పరిపాటి అయినది. ఏ పరిశోధన? ఎవరిని అడిగిరి? ఏమని అడిగిరి? అడిగినవారికిని, మన పద్మనాభము మండలములోని స్త్రీలకును పోలిక ఎంత? ఈ ప్రశ్నలు వేయువారు తక్కువ. విజ్ఞానశాస్త్రము పేరు చెప్పి చేయు వాదమును విజ్ఞానశాస్త్ర పద్ధతినే పరీక్షింపవలెను. ఈ వ్యాసమున ఆ పని చేయుటకు ప్రయత్నింతును. విషయము కొంచెము బిడియము కలిగించునదియే. అయినను తొమ్మిది, పది తరగతుల బాలబాలికలకు, వారికి జీవశాస్త్రము బోధించువారికి ఇది పరాయి విషయము కాదు.

ముందు మాట అర్థము. లైంగికారోగ్యమనగా రోగము లేకుండుట మాత్రమే కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1975 నుండియు దీనిని శరీరము, మనస్సు, తోటివారితోడి సంబంధము, ఈ మూడింటి క్షేమముగా వివరించుచు వచ్చినది. అందుచేత నెలసరి సక్రమముగా నుండుట, జననేంద్రియములకు అంటువ్యాధులు సోకకుండుట, ఇష్టము లేని గర్భము రాకుండుట, దాంపత్యమున బలవంతము లేకుండుట, తన శరీరమును గూర్చి తనకు భయము, సిగ్గు లేకుండుట, ఇవన్నియు దీనిలోనివే. ఇంత విశాలమైన విషయమును “ఫోను చూచుట వలన చెడును” అని ఒక్క ముక్కలో తేల్చివేయుట ఎంత తొందరపాటో ఈ నిర్వచనమే తెలుపుచున్నది.

ఇక పరిశోధనలు. ఈ విషయమున విరివిగా ఉదహరింపబడునది ఇరాన్ దేశమున ఖజ్వీన్ నగరములో జరిగి, 2019లో ప్రచురితమైన అధ్యయనము. ఆరోగ్య కేంద్రములకు వచ్చిన 938 మంది వివాహిత స్త్రీలను పరిశోధకులు ఆరు నెలల ఎడముతో రెండుసార్లు ప్రశ్నించిరి. సామాజిక మాధ్యమముల వ్యసనమును కొలుచుటకు ఆరు ప్రశ్నల పట్టిక నొకదానిని, లైంగిక క్షేమమును కొలుచుటకు 2000లో రూపొందిన పందొమ్మిది ప్రశ్నల సూచిక నొకదానిని వాడిరి. ఈ రెండవ సూచికలో గరిష్ఠము 36 గుణములు, 26.55కు తగ్గినచో ఇబ్బంది యున్నట్లు లెక్క. వ్యసనపు గుణములు ఎక్కువగా నున్నవారిలో ఆరు నెలల తరువాత దాంపత్య సంబంధమైన ఇబ్బందులు ఎక్కువగా కనబడినవి. పత్రికలకు ఎక్కిన వార్త ఇంతవరకే.

ఎక్కని భాగము దీనికన్న విలువైనది. ఫోనునకును, ఇబ్బందికిని నడుమ రెండు మెట్లున్నవని ఆ పరిశోధకులే చూపిరి. ఒకటి భార్యాభర్తల చనువు. రెండవది ఆ స్త్రీకి చుట్టుప్రక్కలవారి అండ. ఫోనుతో పొద్దు గడచినకొలది ఈ రెండును తగ్గుననియు, అవి తగ్గుట వలన ఇబ్బంది హెచ్చుననియు వారి లెక్క. కాని ఇదే బాటను ఎదురుగా నడచి చూడవచ్చును. ఇంట మాటాడువారు లేని స్త్రీ, అండ కరవైన స్త్రీ, ముందుగా ఫోనును ఆశ్రయింపదా? మన పల్లెలలో గొడుగులు ఎక్కువగా అమ్ముడుపోవు నెలలలోనే మలేరియా జ్వరములును హెచ్చును. గొడుగు జ్వరము తేదు. రెండింటిని తెచ్చునది వాన. ఆరు నెలల ఎడముతో రెండుసార్లు అడుగుట ఒక్కసారి అడుగుటకన్న మేలైన పద్ధతియే; సందేహము లేదు. అయినను “ముందు జరిగినది తరువాతి దానికి కారణము” అని చెప్పుటకు అది చాలదు. ఒంటరితనము అను వాన ఆ ఆరు నెలలకు ముందునుండియే కురియుచుండవచ్చును.

ఆ పందొమ్మిది ప్రశ్నల సూచికలో మరియొక చిక్కు కలదు. అది గత నాలుగు వారముల అనుభవమును అడుగును. ఆ కాలమున దాంపత్యము లేనివారు పలు ప్రశ్నలకు సున్న గుణము పొందుదురు, మొత్తము పడిపోవును. భర్త పొట్టకూటికై చెన్నపట్టణమునకో, గల్ఫు దేశమునకో పోయిన స్త్రీకి ఈ సూచిక “లోపము” అంటగట్టును. ఆమెకు శరీరమున ఏ లోపమును లేదు. భర్త ఊరిలో లేడు, అంతే. ఉత్తరాంధ్ర నుండి వలసపోవువారి సంఖ్య ఎరిగినవారు ఈ పొరపాటు మన యొద్ద ఎంత దూరము పోగలదో ఊహింపవచ్చును. ఖజ్వీన్ పరిశోధకులు దాంపత్యము గడుపుచున్న స్త్రీలనే ఎన్నుకొని ఈ దోషమును తప్పించుకొనిరి. ఆ సూచికను ఎరువు తెచ్చుకొని కళాశాల విద్యార్థినుల మీదను, అందరి మీదను ప్రయోగించినచో అంత జాగ్రత్త అక్కరకు రాదు.

ఇటువంటి జాగ్రత్త లేకపోయినచో ఏమగునో చూపుటకు 2021 నాటి ముచ్చట యొకటి చాలును. ఫేస్‌బుక్ సంస్థ లోపలి పత్రములు ఆ సంవత్సరము సెప్టెంబరులో అమెరికా పత్రికలకు చేరినవి. వానిలో “ముగ్గురు బాలికలలో ఒకరికి తమ శరీరమును గూర్చిన బెంగను మేము హెచ్చించుచున్నాము” అను భావము గల వాక్యము ఉండెను. లోకమంతయు దానిని “ఇన్‌స్టాగ్రాము చూచు బాలికలలో మూడవవంతు” అని చదివినది. ఆ లెక్క అప్పటికే అట్టి బెంగ యున్నదని చెప్పిన బాలికలకు సంబంధించినది. సంస్థ నిర్దోషి యని నేననుట లేదు. బెంగపడుచున్న పిల్లకు మరింత బెంగ కలిగించుట చిన్న తప్పు కాదు. పైగా ఆ సంగతి తెలిసియు దాచుకొనిరి. కాని హారము మారినచో భిన్నము విలువ మారునని ఆరవ తరగతి గణితమే చెప్పుచున్నది.

నిద్రను గూర్చిన భాగము మాత్రము గట్టిది. రాత్రివేళ ఫోను వెలుగు మెలటోనిను స్రావమును వెనుకకు నెట్టును. వెలుగుకన్న ఎక్కువగా, ఒకదాని వెనుక నొకటి వచ్చు వీడియోలు మేలుకొలిపి ఉంచును. 2015లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనమున 171 మంది యువతులు పదునాలుగు దినములు తమ నిద్రను, దాంపత్యాసక్తిని వ్రాసి పెట్టుకొనిరి. ఎక్కువ నిద్రించిన మరునాడు ఆసక్తియు హెచ్చినది. తీవ్రమైన నిద్రలేమి, మనోవ్యథ, తిండి తగ్గించుకొనుట ఈ మూడును మెదడులోని హైపోథలమస్ ద్వారా అండాశయముల మీద పనిచేసి నెలసరిని తారుమారు చేయగలవు. ఇందులో ఫోను పాలు కొంత. తెల్లవారుజామున లేచి ఇంటిపని ముగించి బడికి పోవలసిన బాలికకు ఆ పని పాలు ఎంతో ఎవరు కొలిచిరి?

ఇప్పుడు మన ఇంటి లెక్కలకు వత్తము. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదవ విడతలో, 2019లో, ఆంధ్రప్రదేశమున ఎప్పుడైనను అంతర్జాలమును వాడితిమని చెప్పిన స్త్రీలు నూటికి 21 మంది, పురుషులు 48.8 మంది. తెలంగాణలో స్త్రీలు 26.5, పురుషులు 57.4. కోవిడ్ కాలమున పాఠములు ఫోనులోనికి వచ్చిన తరువాత ఈ లెక్క పెరిగినమాట నిజమే. అయినను ఒక సంగతి నిలిచియే యున్నది: మన స్త్రీల లైంగికారోగ్యమును పీడించిన పెద్ద కష్టములు అయిదుగురిలో నలుగురు అంతర్జాలము మొగమెరుగని కాలమునాటివే. అదే సర్వేలో, 20 నుండి 24 ఏండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకుండ పెండ్లి అయినవారు నూటికి 29.3. కుటుంబ నియంత్రణకై ఆపరేషను చేయించుకొన్న వివాహిత స్త్రీలు నూటికి 69.6, అదే పని పురుషులు చేయించుకొన్న దంపతులు నూటికి ఒకటి కూడ లేరు. రక్తహీనత గల స్త్రీలు నూటికి 58.8.

వీనిలో గర్భసంచి కథ ప్రత్యేకముగా చెప్పదగినది. 15 నుండి 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశము మొత్తము మీద నూటికి మూడింటికి కొంచెము పైగా నుండగా, ఆంధ్రప్రదేశమున దాదాపు తొమ్మిది మంది. దేశములోనే ఇది హెచ్చు. ముప్పది అయిదేండ్లకే ఈ శస్త్రచికిత్స జరిగినచో, అండాశయములను ఉంచినను అవి ముందుగా అలసిపోవుట కలదు. వానిని కూడ తీసివేసినచో ఒక్కదినముననే ముట్లు ఉడిగిన ముసలితనము వచ్చి పడును. ఎముకలు బలహీనపడును, యోని పొడిబారును, దాంపత్యము బాధ అగును. ఇన్ని ఆపరేషనులు ఎట్లు జరిగినవి? వెనుకనున్న ఫిర్యాదులు పలుమార్లు చాల చిన్నవి: తెల్లబట్ట, నడుమునొప్పి, ముట్టు ఎక్కువగా అగుట. “ఇది ముదిరి క్యాన్సరగును, పిల్లలు పుట్టిరి గదా, సంచితో ఇక పనియేమి?” అను ఒక్క మాట చాలెను. ఆ మాట ఏ ఫోనులోనుండియు రాలేదు. తెల్లకోటు వేసికొన్నవారి నోటినుండియు, ఇరుగుపొరుగువారి నోటినుండియు వచ్చినది. దేశమున ఇట్టి శస్త్రచికిత్సలలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రులలో జరిగినవి. అనవసరముగా గర్భసంచులు తీయుటను అరికట్టుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో మార్గదర్శకములు వెలువరింపగా, రాష్ట్రములన్నియు మూడు నెలలలో వానిని అనుసరింపవలెనని సుప్రీంకోర్టు 2023 ఏప్రిలులో ఆదేశించినది.

కనుక, అపోహకు విద్యుత్తు అక్కరలేదు. అంతర్జాలము చేసినదల్లా పాత అపోహకు కొత్త బండి కట్టుట. అయితే బండి వేగము సామాన్యము కాదు.

ఒక ఉదాహరణము తీసికొందము. పద్మనాభము కొండకును గోస్తనీ నదికిని నడుమ ఏదో ఒక ఊరిలో తొమ్మిదవ తరగతి బాలిక యున్నదనుకొనుడు. లోదుస్తులకు తెల్లని తడి అంటుటను గమనించి భయపడినది. తల్లి నడుగ సిగ్గు, టీచరు నడుగ భయము. అన్నయ్య ఫోను దొరికిన పది నిమిషములలో “తెల్లబట్ట” అని వ్రాసి వెదకినది. ఆమెకు చెప్పవలసిన మాట ఇది: గర్భాశయ కంఠములోని గ్రంథులు జిగురును స్రవించుట ప్రకృతి. రజస్వల కావడానికి కొన్ని నెలల ముందుననే ఇది మొదలగును. ఈస్ట్రోజను అను హార్మోను హెచ్చుతగ్గులను బట్టి నెలలో ఇదియు మారుచుండును. అండము విడుదలగు దినములలో కోడిగ్రుడ్డు తెల్లసొనవలె సాగును, తరువాత చిక్కబడును. దురద, దుర్వాసన, పెరుగు విరిగినట్టి ముద్దలు, పసుపుపచ్చ లేక ఆకుపచ్చ రంగు, రక్తపు చార, పొత్తికడుపు నొప్పి, మూత్రము పోయునపుడు మంట, వీనిలో ఏదియున్నను వైద్యునికి చూపవలెను. లేకున్నచో ఇది రోగము కాదు.

ఇంతటి చిన్న మాటకు మూడు నిమిషములు చాలును. కాని మూడు నిమిషములలో ముగియు వీడియో ఎవరికిని లాభము తేదు. యూట్యూబు 2012 నుండి, ఎందరు తెరచిరి అను దానికన్న ఎంతసేపు చూచిరి అను దానికి ఎక్కువ విలువ ఇచ్చుచున్నది. ఎక్కువసేపు కూర్చోబెట్టునది అభయము కాదు, భయము. “ఈ లక్షణమును నిర్లక్ష్యము చేసినచో” అని మొదలుపెట్టిన వీడియో చివరివరకు నడుచును; తరువాతి వీడియో అంతకన్న భయంకరము. చివరకు ఒక చూర్ణమో, ఒక లేహ్యమో, యోనిని కడుగు ద్రవమో అమ్మకమునకు వచ్చును. ఈ ద్రవముల సంగతి పాఠకులు ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. ఆరోగ్యవతి యైన స్త్రీ యోనిలో లాక్టోబాసిల్లస్ అను సూక్ష్మజీవులు లాక్టిక్ ఆమ్లమును తయారుచేసి, పి.హెచ్.ను 3.8 – 4.5 నడుమ నిలుపును. డోడర్లయిన్ అను జర్మను వైద్యుడు 1892లోనే ఈ దండాకార జీవులను వర్ణించెను. లోపల కడుగుట యనగా కాపలాదారులను తరిమివేయుటయే. వెలుపలి భాగమునకు మంచినీరు చాలును.

“తెల్లబట్ట వలన నీరసము, ఎముకలు కరిగిపోవును” అను నమ్మకము మన దేశమున పలుచోట్ల కలదు. గోవాలో రమారమి 2,500 మంది స్త్రీలను పరీక్షించి, 2005లో ప్రచురించిన అధ్యయనమొకటి ఈ ఫిర్యాదునకు జననాంగపు అంటువ్యాధులకన్న మనోవేదన, సంసారపు కష్టములు ఎక్కువ దగ్గరగా నున్నవని చూపినది. ఆ స్త్రీలు అబద్ధమాడిరని దీని అర్థము కాదు. దుఃఖము చెప్పుకొనుటకు వీలులేని చోట శరీరమును గూర్చి చెప్పుకొనుట సులభము. ఇక నీరసమునకు, పైన చెప్పిన రక్తహీనత లెక్కను మరల చూడుడు. నూటికి 58 మందికి రక్తము తక్కువైనచోట నీరసమునకు తెల్లబట్టను నిందించుట వింత. ఇనుపధాతువు మాత్రలు ఆరోగ్య ఉపకేంద్రమున ఉచితముగా దొరకును. వీడియోలోని లేహ్యము దొరకదు, కొనవలెను.

ఇటీవల దీనికి తోడైన భయము “పీసీఓడీ”. రజస్వలయైన తరువాత మొదటి సంవత్సరమున నెలసరి క్రమము తప్పుట సహజము. మొదటి మూడేండ్లలో 45 దినముల వరకు ఎడము రావచ్చును. ఫోనులో మూడు ప్రశ్నలకు జవాబు చెప్పించుకొని “నీకు పీసీఓడీ ఉన్నది” అని చెప్పు పరీక్షలకు ఈ సంగతి పట్టదు. 2018 నాటి అంతర్జాతీయ మార్గదర్శకములు, రజస్వలయై ఎనిమిదేండ్లు నిండనివారిలో ఈ రోగనిర్ధారణకు స్కానింగును వాడరాదని స్పష్టముగా చెప్పినవి. ఆ వయస్సులో అండాశయమున చిన్నచిన్న బుడగలు కనబడుట మామూలు. పదునాలుగేండ్ల పిల్ల స్కానింగు కాగితముతో బెంగపడుచున్నచో ఆమెను కాదు, స్కానింగు వ్రాసినవారిని ప్రశ్నింపవలెను. మూడు నెలలు బొత్తిగా ముట్టు రాకపోయినను, మొగమున గరుకు వెంట్రుకలు పెరుగుచున్నను వైద్యురాలిని చూడవలసినదే.

అంతర్జాలపు వదంతులలో అన్నింటికన్న హానికరమైనది టీకాను గూర్చినది. దాని పుట్టుక తెలుగుదేశముననే కలదు. గర్భాశయ కంఠపు క్యాన్సరునకు మానవ పాపిలోమా వైరసు కారణమని జర్మను శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్ 1970 – 1980 దశకములలో నిరూపించి 2008లో నోబెల్ బహుమానము పొందెను. 2009లో ఖమ్మము జిల్లాలోని భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో పది నుండి పదునాలుగేండ్ల బాలికలు సుమారు 14,000 మందికి ఈ వైరసు టీకాను “పాత్” అను అమెరికా సంస్థ ప్రయోగ పథకముగా వేయించినది. వారిలో పలువురు గిరిజన బాలికలు, వసతిగృహములలో నుండువారు. తరువాతి నెలలలో కొందరు బాలికలు మరణించిరి. 2010 ఏప్రిలులో కేంద్రము పథకమును ఆపివేసినది. విచారణ సంఘము ఆ మరణములకు టీకాతో సంబంధము కనబడలేదని, నీట మునుగుట వంటి ఇతర కారణములున్నవని తేల్చినది. కాని అదే విచారణలో తల్లిదండ్రుల బదులు వసతిగృహపు వార్డెనులు సమ్మతి పత్రముల మీద సంతకము చేసిన సంగతియు బయటపడినది. 2013 ఆగస్టున పార్లమెంటు స్థాయీ సంఘము దీనిని తీవ్రముగా నిందించినది.

నేడు వాట్సాపులో తిరుగు సందేశములు ఈ కథలో ఒక సగమును మాత్రమే మోయుచున్నవి: “టీకా వేసిరి, పిల్లలు చనిపోయిరి.” టీకాను సమర్థించువారు రెండవ సగమును మాత్రమే చెప్పుదురు: “మరణములు టీకా వలన కాదు.” నా అభిప్రాయమున రెండు పక్షములును తప్పు చేయుచున్నవి. టీకా మంచిది. స్వీడనులో 16 లక్షలకు పైగా బాలికలను, స్త్రీలను పరిశీలించి 2020లో ప్రచురించిన అధ్యయనమున, పదునేడేండ్లలోపు టీకా వేయించుకొన్నవారిలో ఈ క్యాన్సరు 88 శాతము తగ్గినది. మన దేశమున ఒక్క 2022లోనే 1,20,000కు పైగా స్త్రీలకు ఈ వ్యాధి కనబడినదని అంచనా. అయినను సమ్మతి నడుగక వేసిన సూది మంచిదైనను అనుమానమునకు విత్తనమగును. ఆ విత్తనము పది పదునైదేండ్ల తరువాత ఫోనులలో మొలకెత్తినది. 2024 ఫిబ్రవరిలో ఒక హిందీ నటి ఈ క్యాన్సరుతో మరణించినట్లు ఇన్‌స్టాగ్రామున ప్రకటన వెలువడి, మరునాడు ఆమెయే వచ్చి “ప్రజలలో చైతన్యము కొరకు” అని చెప్పినది. ఒక దినము పాటు దేశమంతయు ఆ వ్యాధి పేరు వినినది, నిజమే. కాని నిజమును చెప్పుటకు అబద్ధమాడవలెనా? తరువాత నిజముగా ఒక హెచ్చరిక వచ్చినపుడు “ఇదియు నాటకమేమో” అనుకొను పిల్లను తప్పుపట్టగలమా?

ఫోను వలన నేరుగా కలుగు హాని ఒకటి కలదు. దీనిని గూర్చి సందేహింప బనిలేదు. నమ్మి పంపిన చిత్రమును, లేదా కృత్రిమముగా అతికించిన చిత్రమును చూపి బాలికను బెదరించుట. పదునెనిమిదేండ్లలోపు వారి విషయమున ఇది 2012 నాటి పోక్సో చట్టము, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టము రెండింటి క్రిందను నేరము. తెలిసిన ఉపాధ్యాయుడు పోలీసులకు తెలుపకుండుటయు పోక్సో చట్టము క్రింద శిక్షార్హమే. 1930, 1098 అను ఫోను నంబర్లు బడి గోడమీద నుండవలెను. ఇందులో ఆరోగ్యమునకు హాని చేయునది చిత్రముకన్న ఆ తరువాతి మౌనము: బాలిక నిద్ర మానును, తిండి మానును, ప్రాణము మీదికి తెచ్చుకొనుటయు కలదు. “ఫోను ఎందుకు ముట్టితివి?” అని మొదటి ప్రశ్న వేయు ఇంట ఆమె ఎన్నడును నోరు విప్పదు. ఫోను లాగికొనుట తల్లిదండ్రులకు తోచు మొదటి మందు. బెదరించువాని చేతిలోని ఫోను మాత్రము వాని చేతిలోనే యుండును.

ఒకే ఫోను ఇంటిల్లిపాదికిని ఉండుటలో మరియొక చిక్కు. చెల్లెలు వెదకిన మాటను బట్టి అన్నకు ప్రకటనలు కనబడును. నెలసరి తేదీలు గుర్తుపెట్టు ఉపకరణము నొకదానిని కోట్ల మంది స్త్రీలు వాడుచుండగా, ఆ వివరములను చెప్పినమాట తప్పి ఫేస్‌బుక్ మొదలగు సంస్థలకు అందించినదని అమెరికా వాణిజ్య సంఘము 2021లో అభియోగము మోపి, దారికి తెచ్చినది. గోడమీది పంచాంగమున చిన్న చుక్క పెట్టుకొనుటకు ఏ సంస్థ అనుమతియు అక్కరలేదు.

పూర్వము ఈ ప్రశ్నలు ఎక్కడికి పోయెడివి? విజయవాడకు చెందిన డాక్టరు జి. సమరముగారు వారపత్రికలలో పాఠకుల సందేహములకు దశాబ్దముల పాటు సమాధానములు వ్రాసిరి. 1991లో హైదరాబాదున స్త్రీల బృందమొకటి “సవాలక్ష సందేహాలు” అను గ్రంథమును వెలువరించినది. అమెరికాలోని బోస్టను స్త్రీలు 1970 దశకమున తమకు తాము వ్రాసికొన్న ఆరోగ్య గ్రంథమునకు అది చెల్లెలివంటిది. వీనిలో చెప్పినవారి పేరుండెను, ఊరుండెను, తప్పైనచో నిలదీయుటకు చిరునామా యుండెను. అయినను ఆ కాలమును పొగడుటలో మితముండవలెను. పద్మనాభములోని బాలికకు ఆ పత్రిక చేతికందదు. అందినను నలుగురి యెదుట చదువుటకు వీలులేదు. ఫోను ఇచ్చిన ఏకాంతమును ఏ పత్రికయు ఇయ్యలేదు. ఆ ఏకాంతమున ఆమెకు ఏమి దొరకుచున్నదన్నదే ప్రశ్న.

ఇక్కడ ఉపాధ్యాయులను, ఇటువంటి పత్రికలు నడుపు మావంటివారిని విమర్శింపక తప్పదు. పదవ తరగతి ప్రత్యుత్పత్తి పాఠమును “మీరే చదువుకొనుడు” అని దాటించు పద్ధతి ఇప్పటికిని పోలేదు. దాటింపక చెప్పువారును ఆ పాఠమును చిత్రపటములోని పేర్లతో ముగించుచున్నారు. ఆ పేర్లు ఎట్టివి? మన పాఠ్యగ్రంథములు “ఋతుచక్రము”, “గర్భాశయము” అనును. వైద్యగ్రంథములు “శ్వేతప్రదరము” అనును. బాలిక ఫోనులో వ్రాయు మాట “తెల్లబట్ట”. ఆమె తల్లి అనునది “ముట్టు”, “గర్భసంచి”. మన పదకోశములు ఎంత శుద్ధముగా నున్నను ఆమె వ్రాసిన మాటకు అవి పలుకవు. లేహ్యము అమ్మువాడు పలుకును, ఎందుకనగా వానికి ఆమె మాట తెలియును. పాఠమునందు “శ్వేతప్రదరము” ప్రక్కన “తెల్లబట్ట” అని ఒక్కసారి అచ్చువేసి, ఆ పాఠమును ఎవరైనను వెదకి చదువగల చోట పెట్టుటకు ఖర్చు కొద్దిపాటి సిరా, ఒక గంట పని. ఈ నెల పాఠము చెప్పబోవు ఉపాధ్యాయులు నల్లబల్లమీద రెండు మాటలను ప్రక్కప్రక్కన వ్రాసి చూతురుగాక. తరగతిలో ముందు ఎవరు నవ్వుదురో, ఆ తరువాత మొదటి ప్రశ్న ఎవరు అడుగుదురో మాకు వ్రాసినచో సంతోషింతుము.